మెరక లెక్క: అమలాపురంలో ఆర్కిటెక్టు ఆఫీసు, తొలి పది నెలల డైరీ

జూన్ 5

అమలాపురం గడియార స్తంభానికి దగ్గరలో, మందుల షాపు మేడ మీద, పది అడుగులకు పన్నెండు అడుగుల గది అద్దెకు తీసుకున్నాను. అద్దె నెలకు 5,500 రూపాయలు, అడ్వాన్సు మూడు నెలలది. హైదరాబాదులో ఏడేళ్లపాటు ఒక పెద్ద ఆఫీసులో అపార్టుమెంట్ల మెట్లూ లిఫ్టు గదులూ గీసి, ఒక్క ఇంటినైనా పునాది నుంచి గృహప్రవేశం దాకా నా కళ్లతో చూడలేదన్న దుగ్ధతో ఊరికి తిరిగి వచ్చాను. ఇంకో మూడు వారాల్లో ఆషాఢం వస్తోందని, శంకుస్థాపనలే లేని నెల ముందు పెట్టుకుని ఇళ్ల డిజైన్ల ఆఫీసు తెరవడమేమిటని బంధువులంతా అడిగారు. వాళ్లన్నది నిజమే గాని, కాగితాలు చేయించుకోవడానికీ, ఈ జిల్లాలో ఎవరు ఏం కడుతున్నారో తిరిగి చూడడానికీ నాకు ఆ ఖాళీ నెల అవసరం.

చేతిలో ఉన్నది 3,40,000. కంప్యూటరు, యూపీఎస్, ఏ3 ప్రింటరు కలిపి 1,32,000 అయింది. ప్లాటరు కొనలేదు, పెద్ద కాగితం కావలసినప్పుడు రాజమహేంద్రవరంలో తీయించుకోవచ్చు. నేల మట్టాలు చూసే ఆటో లెవెల్ సెకండ్ హ్యాండ్‌లో 11,000కు దొరికింది. అద్దె అడ్వాన్సు పోగా మిగిలిన డబ్బు, నెలకు 18,000 చొప్పున, సరిగ్గా పది నెలలు వస్తుంది. ఒక్క రూపాయి రాకపోయినా పది నెలలు తలుపు తీసి ఉంచగలనన్నమాట.

మా నాన్నగారు కాలువల మీద ముప్పై ఏళ్లు లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. గది చూడడానికి వచ్చి, కంప్యూటరును పట్టించుకోకుండా, మూల నిలబెట్టిన లెవెలింగ్ స్టాఫు కర్రను చేతిలోకి తీసుకుని అంకెలు చదివారు. లాకుల దగ్గర ఆయన రోజూ చదివిన గేజి కర్రకూ దీనికీ తేడా ఏమీ లేదన్నారు. అప్పుడు నవ్వుకున్నాను.

జూన్ 14

కాగితాల పని. ఆర్కిటెక్ట్స్ చట్టం 1972లో వచ్చింది. ఆ చట్టం కింద ఏర్పడిన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదైనవాళ్లే 'ఆర్కిటెక్టు' అని రాసుకోవాలి. అయితే ఆ రక్షణ పేరుకే గాని పనికి కాదని సుప్రీంకోర్టు 2020 మార్చిలో స్పష్టంగా చెప్పింది. డిజైన్ ఎవరైనా చేయవచ్చు, బిరుదు మాత్రం వాడకూడదు. కాబట్టి నా రిజిస్ట్రేషన్ నంబరు నాకు మర్యాద ఇస్తుందే తప్ప పని తెచ్చిపెట్టదు.

ఇంకొక ఇబ్బంది, 1989 నాటి వృత్తి ప్రవర్తనా నియమాలు. వాటి ప్రకారం ఆర్కిటెక్టు తన సేవలకు ప్రకటనలు ఇచ్చుకోకూడదు. ఆఫీసు బయటా, తాను డిజైన్ చేసిన కట్టడం మీదా పేరు పెట్టుకోవచ్చు గాని అక్షరాల ఎత్తు 10 సెంటీమీటర్లు దాటకూడదు. బోర్డులు రాసే ఆయనకు ఈ సంగతి చెబితే, "నాలుగంగుళాల అక్షరాలు రోడ్డు మీంచి ఎవరికి కనబడతాయండీ? మీ కింద మందుల షాపువాళ్లవి రెండడుగులుంటాయి" అని జాలిపడి, పక్కన ఒక కొబ్బరి చెట్టు బొమ్మ ఉచితంగా వేసి ఇస్తానన్నాడు. వద్దన్నాను.

చిన్న సంస్థలకుండే ఉద్యం రిజిస్ట్రేషన్ అరగంటలో అయిపోయింది. ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కరలేదు. ఆదాయపు పన్నుకు ఒక ప్రత్యేక సెక్షను సరిపోతుంది. ఆర్కిటెక్టుల వంటి వృత్తులవాళ్లు వచ్చిన ఫీజులో సగాన్ని ఆదాయంగా చూపితే చాలునని, లెక్కల పుస్తకాలు నిర్వహించనక్కరలేదని ఆ సెక్షను వెసులుబాటు ఇస్తుంది. నేను మాత్రం పుస్తకం రాస్తాను. ఈ డైరీ కూడా ఆ అలవాటులోదే.

జూన్ 30

స్కూటరు మీద రావులపాలెం, కొత్తపేట, అంబాజీపేట, రాజోలు తిరిగాను. కట్టుబడిలో ఉన్న ఇల్లు కనబడిన ప్రతిచోటా ఆగి, ప్లాన్ ఎవరు వేశారని అడిగాను. జవాబు రెండు రకాలు. "మేస్త్రి గారే గీశారండి" అన్నది ఒకటి, "మున్సిపాలిటీకి పెట్టాలని టౌనులో గీయించామండి" అన్నది రెండోది. ఆ రెండో రకం కాగితం ఖరీదు మూడు వేల నుంచి ఆరు వేలు. అది అనుమతి కోసమే. కట్టేది మేస్త్రి మనసులో ఉన్న ఇల్లు. ఒకచోట మంజూరైన ప్లాన్‌ను సిమెంటు బస్తాల మీద పరిచి దాని మీద మధ్యాహ్నం భోజనం చేస్తున్నారు. నన్ను కూడా కూర్చోమన్నారు. కూర్చుని తిన్నాను, ఆ ప్లాన్‌లో మెట్లు ఎటున్నాయో చూస్తూ. మెట్లు ఉత్తరాన ఉన్నాయి. బయట కట్టినవి దక్షిణాన.

గీతకు ధర లేదన్నది ఈ నెల నాకు తెలిసిన పాఠం. మేస్త్రికి చదరపు అడుగు లెక్కన కూలి ఇస్తారు, ప్లాన్ అందులో కొసరు. అంగట్లో వంకాయలు కొంటే కరివేపాకు వేసినట్టు.

ఆగస్టు 3

శ్రావణం మొదలై వారం అయింది. మొదటి ఫోను రాత్రి పదిన్నరకు వచ్చింది. ఆయన కువైట్‌లో పనిచేస్తున్నారు. అక్కడ అప్పుడు ఎనిమిది. పి.గన్నవరం మండలంలో, గోదావరి పాయ వశిష్ట పక్కన ఒక లంక గ్రామంలో తల్లిగారి పేర ఉన్న స్థలం, 36 అడుగులకు 60, సుమారు 5 సెంట్లు. పదమూడేళ్ల సంపాదనతో ఇల్లు కట్టాలి. మేస్త్రి మూడడుగుల మెరక తోలమన్నాడు. ఊళ్లోవాళ్లు ఒకరు ఐదు అంటారు, ఒకరు రెండు చాలంటారు. "అక్కా, నాకు బొమ్మ వద్దు. ఎంత ఎత్తులో కట్టాలో చెప్పండి చాలు" అన్నారు. ఆయన నాకన్నా పెద్దవారే అయి ఉంటారు, అయినా అక్కా అనే పిలిచారు.

ఈ ఊరికి నేను తెచ్చిన ఏ త్రీడీ బొమ్మా ఇంతవరకు ఎవరినీ ఇలా ఫోను చేయించలేదు.

ఆగస్టు 10

ఈ రోజు సంగతి వివరంగా రాయాలి.

నాన్నగారిని వెంటబెట్టుకుని లంకకు వెళ్లాను. ధవళేశ్వరం దగ్గర గోదావరికి మూడు హెచ్చరికలుంటాయి: 11.75 అడుగులకు మొదటిది, 13.75కు రెండవది, 17.75కు మూడవది. 2022 జులైలో మూడవది దాటి, బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదిలారు. 1986 ఆగస్టు వరద దానికన్నా పెద్దది. అయితే ధవళేశ్వరంలో చదివిన అడుగులు మా స్థలంలో ఎన్ని అడుగులవుతాయో ఏ పట్టికలోనూ ఉండదు. దాన్ని గోడలను అడగాలి.

ఎదురింటి సున్నపు గోడ మీద 2022 నీటి మరక ఇంకా ఉంది. కింద బురద రంగు, పైన వెలిసిన తెలుపు. రెంటి మధ్య తిన్నని గీత. ఆ ఇంటి అమ్మగారు, "ఇదుగో, ఇక్కడి దాకా వచ్చిందమ్మా, నాలుగు రోజులు మేడ మీదే ఉన్నాం" అని చెంగుతో తుడిచి మరీ చూపించారు. తుడవొద్దని నేను అరిచినంత పని చేశాను. ఇంకో ఇద్దరి గోడల మీద కూడా మరకలు చూసి, మూడూ ఒకే మట్టానికి వస్తాయో లేదో సరిచూడాలనుకున్నాను.

ఆటో లెవెల్ తీశాను గాని మధ్యలో అరటి తోట అడ్డం. మేస్త్రి గారు నవ్వి తన సంచిలోంచి లెవెల్ పైపు తీశారు. ఇరవై మీటర్ల పొడవున్న, వేలి లావు పారదర్శకపు గొట్టం. బకెట్టులో నీళ్లు పోసి, ఒక కొసను ముంచి, రెండో కొసను నోటితో పీల్చి నింపారు. తర్వాత గొట్టమంతటినీ వేళ్లతో జాడించుకుంటూ లోపలి బుడగలను బయటకు తోలారు. ఒక్క బుడగ మిగిలినా మట్టం అబద్ధం చెబుతుందని ఆయన అంటుంటే, నాన్నగారు తల ఊపుతూ నిలబడ్డారు. ఒక కొసను నేను మరక మీద పట్టుకున్నాను, రెండో కొసను మేస్త్రి గారు అరటి తోటలోంచి పాకించుకుంటూ స్థలంలోకి తీసుకెళ్లారు. ఇద్దరం ఒకేసారి బొటనవేళ్లు తీశాం. నీళ్లు ఊగి, ఊగి, నిలబడ్డాయి. ఆయన అక్కడ పాతిన సర్వేకర్ర మీద గోరుతో గీత పెట్టారు. నేల నుంచి గీతకు టేపు పెట్టి కొలిస్తే 4 అడుగుల 7 అంగుళాలు. మిగతా రెండు మరకలను కూడా అలాగే తెచ్చాం. మూడింటికీ తేడా అంగుళంలోపే.

మూడడుగుల మెరకతో కడితే ఇంట్లో అడుగున్నర నీళ్లు నిలిచేవి. ఆ మాట రాత్రి ఫోనులో చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు.

ఆగస్టు 17

4 అడుగుల 7 అంగుళాలకు మరో 8 అంగుళాలు కలిపి, గచ్చు మట్టం 5 అడుగుల 3 అంగుళాలని ఖాయం చేశాను. ఇప్పుడు మెరక లెక్క. స్థలం మొత్తం ఆ ఎత్తుకు నింపాలంటే 2,160ని 5.25తో హెచ్చించి 11,340 ఘనపుటడుగుల మట్టి. అణిగిపోయేదానికి ఐదో వంతు కలుపుకొని, ట్రాక్టరు ట్రక్కుకు 100 ఘనపుటడుగుల చొప్పున చూస్తే 136 ట్రక్కులు. మట్టి డబ్బు అలా ఉంచితే, స్థలమంతా దిబ్బ చేస్తే వరద ఎదురింటి అమ్మగారి ఇంట్లోకి మరింత లోతుగా వెళుతుంది. మరక చూపించిన ఆవిడకు నేనిచ్చే ప్రతిఫలం అదా?

అందుకని పెరటికి అడుగు మాత్రమే మెరక. ఇల్లు స్తంభాల మీద, గచ్చు కింద మట్టి నింపకుండా శ్లాబు. చుట్టూ గోడకు నీళ్లు వచ్చి పోయే కన్నాలు పెట్టి, పాములు దూరకుండా వాటికి జాలీలు. తల్లిగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. ర్యాంపు పెడదామంటే 12కు 1 వాలులో 63 అడుగుల పొడవు కావాలి, స్థలమే 60. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలని మేస్త్రి గారి పట్టు. 63 అంగుళాల ఎత్తును 11 మెట్లకు పంచితే ఒక్కొక్కటి సుమారు ఐదు అంగుళాల ముప్పాతిక. మామూలు మెట్టు కన్నా అంగుళానికి పైగా తక్కువ. ఆచారమూ మోకాళ్లూ ఒకచోట రాజీపడడం చూసి ముచ్చటేసింది.

ఆగస్టు 24

సిద్ధాంతి గారితో రెండు గంటలు. నేను ఇంటి బయటి కొలత 30కి 40 గీశాను. ఆయన ఆయం కట్టారు: క్షేత్రఫలాన్ని 9తో హెచ్చించి 8తో భాగిస్తే మిగిలే శేషం. ఒకటి ధ్వజం, మూడు సింహం, ఐదు వృషభం, ఏడు గజం, ఇవి మంచివి. సరి సంఖ్యలు పనికిరావు. నాది 1,200, శేషం సున్నా, అంటే కాకాయం. ఇంటికి వచ్చి లెక్క మళ్లీ చేస్తే ఒక తమాషా కనిపించింది. 9ని 8తో భాగిస్తే మిగిలేది ఒకటే కాబట్టి, 9తో హెచ్చించినా హెచ్చించకపోయినా శేషం మారదు. పైగా పొడవూ వెడల్పూ రెండూ బేసి అడుగులైతే క్షేత్రఫలం బేసే, ఆయం ఎప్పుడూ మంచిదే. 29కి 41 పెట్టాను: 1,189, శేషం ఐదు, వృషభాయం. సిద్ధాంతి గారు సంతోషించారు. చదువుకునే రోజుల్లో దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసేదాన్ని. ఇప్పుడు ఇదొక చిన్న షరతు, అంతే. హద్దుల దగ్గర ఖాళీ వదలాలనే సెట్‌బ్యాక్ నిబంధన కన్నా తేలిక.

సెప్టెంబరు 18

భాద్రపదం. కొత్త పనులు లేవు. లంక రోడ్డు మీదికి మొన్న నీళ్లు వచ్చి తగ్గాయి.

రాయడానికి ఇష్టం లేని సంగతి ఒకటి. జులైలో టౌనులో ఒకరు రెండంతస్తుల ఇంటికి డిజైన్ అడిగారు. ఆరు వారాలు కూర్చుని ప్లాన్లు, ఎలివేషన్లు, కిటికీల వివరాలు ఇచ్చాను. డబ్బు అడిగినప్పుడల్లా "పని మొదలవ్వనివ్వండి" అన్నారు. నిన్న ఆ వీధిలో వెళుతుంటే పని మొదలై ఉంది. నా డ్రాయింగు జిరాక్సు కాంట్రాక్టరు చేతిలో ఉంది, నా పేరున్న మూల కత్తిరించి. ఒక్క రూపాయి రాలేదు. తప్పు వాళ్లదే, కానీ ఒప్పంద పత్రం లేకుండా కాగితం చేతికిచ్చింది నేను. అన్నిటికన్నా బాధ కలిగించింది, వంటింటి కిటికీని నేను పడమటి ఎండ పడకుండా జరిపితే, వాళ్లు మళ్లీ పడమరకే తెచ్చి పెట్టడం.

అక్టోబరు 6

ఫీజు పద్ధతి మొత్తం మార్చేశాను. చదువులో నేర్పింది ఖర్చు మీద శాతం. ఇక్కడ శాతమంటే అనుమానం: ఇంటి ఖర్చు పెరిగితే ఈవిడ ఫీజు పెరుగుతుంది కదా, ఇక పొదుపు సలహా ఎందుకిస్తుందని. ఆ అనుమానం అన్యాయం కూడా కాదు. కాబట్టి ఇంటికి స్థిరమైన మొత్తం. దానిని నాలుగు వాయిదాలు చేసి, ప్రతి వాయిదానూ కాగితానికి కాకుండా నేల మీద కనిపించే ఒక పనికి ముడిపెట్టాను. మట్టం ఖాయం చేసి రాయి పాతినప్పుడు మొదటిది, ముగ్గు పోసినప్పుడు రెండవది, శ్లాబుకు ముందు కమ్మీ చూసి సంతకం పెట్టినప్పుడు మూడవది, తలుపులూ కిటికీలూ ఎక్కినప్పుడు చివరిది. ఇవేవీ వద్దనుకుని ఒక్కసారి వచ్చి చూడమంటే 1,500. ఒప్పందం తెలుగులో ఒకటిన్నర పేజీ. ఇంగ్లీషులో ఉన్న పాత ఆరు పేజీలది ఎవరూ చదవలేదు, బహుశా నేను కూడా.

అనుమతి కాగితాలు గీసే టౌనులోని పెద్దాయన దగ్గరికి కూడా వెళ్లాను. ఆయన ఎల్‌టీపీ, అంటే ప్లాన్లు పెట్టడానికి లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడు. ముప్పై ఏళ్లుగా పురపాలక సంఘం మెట్లు ఎక్కి దిగినవారు. ఆన్‌లైన్ అనుమతుల దరఖాస్తులో ఎక్కడ చిక్కు పడుతుందో ఆయనకు నోటికి వచ్చు. అనుమతుల పని ఆయనకు, నీటి మట్టాలూ డిజైనూ నాకు అని పంచుకున్నాం. పోటీ అనుకున్న మనిషి నెలలో ఇద్దరిని నా దగ్గరకు పంపారు.

అక్టోబరు 29

దసరా తర్వాత లంకలో పని మొదలైంది. మట్టి పరీక్షకు రెండు బోర్లు వేయించాం. నాలుగడుగుల లోతుకే నీళ్లు. పైన ఒండ్రు, దాని కింద మెత్తని బంక, ఆ తర్వాత ఇసుక. రాజమహేంద్రవరంలోని స్ట్రక్చరల్ ఇంజనీరు గారు పైల్స్, అంటే నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు, చెప్పారు. అడుగున గుండ్రంగా ఉబ్బు వచ్చే రకం, ఆ ఉబ్బు కాండానికి రెండున్నర రెట్లు వెడల్పు. చేత్తో తిప్పి నేల తొలిచే ఆగరుతో తవ్వుతుంటే గోడలు కూలిపోకుండా బెంటొనైట్ బంకమట్టి కలిపిన నీళ్లు నింపి ఉంచాలి. కుర్రాళ్లు నలుగురు పట్టె చుట్టూ తిరుగుతూ ఆగరు తిప్పుతుంటే గానుగ గుర్తొచ్చింది.

మేస్త్రి గారికి ఈ పైల్స్ ఖర్చు మొదట నచ్చలేదు. మట్టి పరీక్ష కాగితం చూపించాను, పట్టించుకోలేదు. బోరులోంచి తీసిన బంకను చేతికిస్తే పిసికి చూసి, "ఆయ్, ఇది అట్టుపిండేనండి" అని ఒప్పుకున్నారు.

నవంబరు 22

రెండో పెద్ద పని మలికిపురం వైపు, ఒక ప్రైవేటు ఆసుపత్రికి అదనపు గదులు. సముద్రం దగ్గర. అక్కడ పదేళ్ల కిందటి శ్లాబులకు కూడా కమ్మీ తుప్పు పట్టి, పెచ్చులు ఊడి, తాపీగా రాలుతున్నాయి. కారణం వెతకడానికి దూరం వెళ్లనక్కరలేదు. ఆవరణలోని బోరు నీళ్లు పరీక్షకు పంపితే లీటరుకు 1,280 మిల్లీగ్రాముల క్లోరైడ్లు వచ్చాయి. కమ్మీ ఉన్న కాంక్రీటులో కలిపే నీటికి, కాంక్రీటు పనుల జాతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, పరిమితి 500. అంటే ఉప్పునీళ్లతో కాంక్రీటు కలిపి, లోపలి ఇనుముకు విషం తాగించి, తర్వాత సముద్రపు గాలిని తిడుతున్నాం.

కాలువ నీళ్లు ట్యాంకరుతో తెప్పించాలని, ఎం30 బలమున్న కాంక్రీటు వాడాలని, కమ్మీని కప్పే కాంక్రీటు మందం, అంటే కవరు, 45 మిల్లీమీటర్లు ఉండాలని రాసిచ్చాను. తీర గాలికి ఆ ప్రమాణం చెప్పేది అంతే. ఇక్కడ అలవాటు ముప్పావు అంగుళం, అది కూడా రాయి ముక్క పెట్టి. 45 మిల్లీమీటర్ల కవరు బ్లాకులు కొట్లో లేవు. మేస్త్రి గారి కొడుకు ఫ్రిజ్‌లో ఐస్ పెట్టే ట్రేలు నాలుగు తెచ్చి, ఒక్కో గడి లోతు కొలిచి, సరిపోయిన ట్రేలో సిమెంటు ఇసుక పోసి, పైన బైండింగ్ వైరు గుచ్చి, మూడు రోజుల్లో మూడు వందలు చేసిపెట్టాడు. ఆసుపత్రివాళ్లు నా ఫీజులో 10 శాతం టీడీఎస్ పట్టుకుని ఇచ్చారు. అయినా అది సంతకం పెట్టిన చెక్కు, వచ్చింది.

డిసెంబరు 15

కొత్తపేట దగ్గర ఒక మండువా లోగిలి. వారసులు హైదరాబాదులో, అమెరికాలో. పడగొట్టి అమ్మేయాలా, పర్యాటకులకు అద్దెకివ్వాలా అన్నది వాళ్ల ప్రశ్న. గుమ్మాలకూ స్తంభాలకూ బేరం చేసే వ్యాపారి ఒకాయన అప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్లాడట.

రెండు రోజులు కొలతలు తీసుకున్నాను. మండువా చుట్టూ నాలుగు వైపుల చూరు నీళ్లు మధ్యలోని తొట్టిలో పడి, గచ్చు కింద రాతి తూములోంచి పెరటి కాలువకు పోతాయి. తూములో టార్చి వేసి చూస్తే ఇప్పటికీ చెత్త తప్ప అడ్డమేమీ లేదు. పైన బెంగుళూరు పెంకులు. నిజానికి ఆ పెంకు మంగుళూరుదే, ఇక్కడ ఊరు మారిపోయింది. టేకు స్తంభాలు గట్టిగానే ఉన్నాయి, తాటి వాసాల్లో మూడో వంతు చెద తినేసింది. అన్నిటికన్నా నన్ను నిలబెట్టింది అరుగు. లెవెల్ పెట్టి చూస్తే ఆ అరుగు మట్టం, పక్కనే మూడేళ్ల కిందట కట్టిన డాబా గచ్చు కన్నా రెండడుగుల రెండంగుళాలు ఎత్తు. మధ్యలో సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు పోసి డాబాను గుంటలో పెట్టేశారు. వానొస్తే వీధి నీళ్లు దాని గుమ్మంలోకే. నాలుగు తరాల కిందట ఆ అరుగు ఎత్తు నిర్ణయించిన మనిషి ఏ కాగితం మీదా గీసి ఉండడు.

వారసులకు మూడు పేజీల నివేదిక ఇచ్చాను, 12,000 తీసుకున్నాను. ఉంచమనే రాశాను. వాసాలు మార్చి, పెంకు దించి మళ్లీ కప్పి, స్నానాల గదులను విడిగా పెరట్లో కట్టమన్నాను. ఇంకా జవాబు రాలేదు.

జనవరి 20

సంక్రాంతికి ఊరు నిండింది, ఆఫీసు కూడా. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు పండగ మూడు రోజుల్లో ఇంటి మాట తేల్చుకుని పోవాలనుకుంటారు. పుష్యం కాబట్టి ఎవరూ పని మొదలుపెట్టరు, అందరూ మాట్లాడతారు. పది రోజుల్లో పదిహేడు మంది. వాళ్లలో ప్రభుత్వం ఇచ్చిన సెంటున్నర స్థలంలో ఇల్లు కట్టుకుంటున్న దంపతులు ఇద్దరు. 653 చదరపు అడుగుల స్థలం, చుట్టూ పొలాల కన్నా పల్లం. మరుగుదొడ్డి ఎక్కడ పెడితే వానాకాలంలో గుంట పొంగదో అడిగారు. కాగితం తీసి గీయబోయి, ఆగి, రేపు వచ్చి చూస్తానన్నాను. వెళ్లి మట్టం చూసి, గుంటను పల్లపు మూల నుంచి మెరక మూలకు మార్పించాను. రెండు వందలు ఇచ్చారు, తీసుకున్నాను. ఉచితం అంటే ఆ మూల మారేది కాదని నాకు అనిపించింది.

ఫిబ్రవరి 16

లంక ఇంటి గచ్చు శ్లాబు ఈ రోజు పోశాం. కువైట్ నుంచి ఆయన ఉదయం ఆరింటికే వీడియోలో కూర్చున్నారు, అంటే అక్కడ మూడున్నర. తల్లిగారు ఎదురింటి అరుగు మీద కుర్చీ వేసుకున్నారు. పోత సాయంత్రం నాలుగున్నరకు అయింది. అయ్యాక మేస్త్రి గారు లెవెల్ పైపు మళ్లీ తీసి, ఎవరూ అడగకుండానే, ఎదురింటి మరక నుంచి శ్లాబు పైకి మట్టం తెచ్చారు. 8 అంగుళాలకు కాలంగుళం ఎక్కువే వచ్చింది. కాలువలు కట్టేసే ఏప్రిల్ రాకముందే పై శ్లాబు కూడా పడిపోవాలని ఆయన తొందర. ఆ తర్వాత క్యూరింగుకు నీళ్లు మోయడం ఆయన భార్య పని.

మార్చి 30

పుస్తకం మూసే రోజు. పది నెలల్లో వచ్చింది 2,61,700. అద్దె, కరెంటు, పెట్రోలు, మట్టి పరీక్షలకు ముందు పెట్టిన డబ్బు, డిప్లొమా చదివిన కుర్రాడికి జనవరి నుంచి నెలకు 9,000, అన్నీ కలిపి ఖర్చు 2,14,300. నాకు మిగిలింది 47,400. హైదరాబాదులో ఒక నెల జీతం అంతకన్నా ఎక్కువ. పది నెలలకని దాచిన డబ్బులో 96,000 ఇంకా బ్యాంకులో ఉంది, ఎందుకంటే అక్టోబరు నుంచి ఆఫీసు తన ఖర్చు తానే పెట్టుకుంటోంది.

వచ్చిన డబ్బును పనుల వారీగా విడదీసి చూశాను. డ్రాయింగుల కోసమే ఇచ్చినది 38,000. మిగిలినదంతా మట్టాలకు, మట్టి, నీళ్ల పరీక్షలకు, శ్లాబు ముందు చూపుకు, పాత ఇంటి నివేదికకు వచ్చింది.

సాయంత్రం ముమ్మిడివరం నుంచి ఒక మేస్త్రి ఫోను చేశారు. లంక ఇల్లు కట్టిన మేస్త్రి గారికి ఏదో వరస అవుతారట. ఇంటివాళ్లకు ప్లాన్ ఉందట, తానే గీశారట. "డిజైను వద్దండి అమ్మాయి గారూ, వచ్చి నీళ్ల మట్టం పెట్టి వెళ్లండి. ఎంత తీసుకుంటారు?" పదిహేను వందలు అన్నాను. కాసేపు ఆగి, "పైపు మీరు తెస్తారా, నన్ను తెమ్మంటారా?" అన్నారు.

నేనే తెస్తానని చెప్పాను. కుర్రాడిని పంపించి కొట్లో ఇరవై ఐదు మీటర్ల కొత్త గొట్టం తెప్పించాను. నాన్నగారు వరండాలో కూర్చుని, దాని చుట్ట విప్పి, వంపులు పోవడానికి ఎండలో పరుస్తున్నారు.